వరద విరాళాలు: దాతకు దక్కే పన్ను రాయితీ, సంస్థకు మిగిలే సొమ్ము

2024 ఆగస్టు నెలాఖరున బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగాయి. అవే రోజుల్లో మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడింది. అప్పుడు విరాళాలు రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధులకు వెళ్లింది. రెండోది ట్రస్టులు, సొసైటీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, జోలె పట్టి బజారులో తిరిగిన విద్యార్థుల చేతికి చేరింది. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, మందులు ముందుగా ఇళ్లకు చేర్చినవాళ్లలో ఈ రెండో దారివాళ్లు చాలామంది ఉన్నారు. పన్ను చట్టం మాత్రం ఈ రెండు దారుల్నీ ఒకేలా చూడదు. ప్రభుత్వ నిధికి ఇస్తే పూర్తి రాయితీ, సంస్థకు ఇస్తే సగం. అది కూడా ఒక పరిమితి లోపలే. ఆ సొమ్ము ఖర్చు పెట్టడానికి సంస్థకు ఇచ్చే గడువేమో వరదను బట్టి కాదు, మార్చి 31ని బట్టి నడుస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. విరాళాల రాయితీ అందులో 133వ సెక్షన్. ఆడిటర్ల నోట, రశీదు పుస్తకాల మీద ఇంకా 80జి (విరాళాల రాయితీ), 12ఏబీ (సేవా ట్రస్టుకు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్) అన్న పేర్లే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం. ఫారం నింపేటప్పుడు కొత్త నంబరు ఏదో పోర్టల్‌లో చూసుకోవాలి.

దాత వైపు లెక్క

పాత పన్ను విధానంలో ఉన్న ఒకరి ఆదాయం మిగతా తగ్గింపులన్నీ పోగా రూ. 12 లక్షలు అనుకుందాం. ఆయన రూ. 2 లక్షలు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే ఆ 2 లక్షలూ ఆదాయంలోంచి తీసేస్తారు. 30 శాతం శ్లాబు, దానిపై 4 శాతం సెస్సు కలిపితే రూ. 62,400 పన్ను తగ్గుతుంది. అదే మొత్తాన్ని 80జి ఆమోదం ఉన్న ట్రస్టుకు ఇస్తే ముందు 10 శాతం పరిమితి అడ్డొస్తుంది: 12 లక్షల్లో పదో వంతు రూ. 1.20 లక్షలు. అందులో సగం, అంటే రూ. 60,000 మాత్రమే ఆదాయంలోంచి తీస్తారు. తగ్గే పన్ను రూ. 18,720. ఇచ్చిన మనిషీ ఒకరే, సొమ్మూ ఒకటే, సాయం అందుకున్న వీధీ ఒకటే కావచ్చు. రాయితీలో మాత్రం మూడు రెట్లకు పైగా తేడా.

1948లో పెట్టిన ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, 2020లో వచ్చిన పీఎం కేర్స్, రాష్ట్రాల ముఖ్యమంత్రి సహాయ నిధులు ఈ నూరు శాతం జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తుపాను సహాయ నిధి, 1996 కూడా విడిగా పేరుతో సహా కనిపిస్తుంది. అది కోనసీమను ఊడ్చేసిన తుపాను సంవత్సరం. ఒక్కో విపత్తు వచ్చినప్పుడు ఒక్కో పేరు చేరుస్తూ పెరిగిన జాబితా అది.

కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి 80జి వర్తించదు. 2023-24 నుంచి ఎవరూ ఏమీ ఎంచుకోకపోతే పడేది కొత్త విధానమే. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీలకూ ఈ రాయితీ లేదు. కాబట్టి ‘80జి రాయితీ ఉంది, విరాళం ఇవ్వండి’ అని పోస్టర్ వేసే సంస్థ కింద ఒక వాక్యం చేర్చడం న్యాయం: పాత విధానంలో ఉన్నవారికే అని. జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఈ సంగతి తెలిసిన దాతకు ఆ సంస్థ మీద నమ్మకం తగ్గుతుంది.

నగదు విషయంలో పరిమితి రూ. 2,000. ఒక దాత అంతకు మించి నగదు ఇస్తే ఆ విరాళానికి రాయితీ రాదు. 2017కు ముందు ఇది రూ. 10,000 ఉండేది. ఇప్పటికీ పాత అంకె చెప్పేవాళ్లున్నారు. సరకు రూపంలో ఇచ్చేదానికైతే రాయితీ అసలే లేదు. బియ్యం బస్తాలు, దుప్పట్లు, మందులు ఎంత విలువైనవైనా అంతే. వ్యాపారి తన కొట్లోని సరకు ఉచితంగా ఇస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ సరకు మీద అప్పటికే తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన పన్నుకు వచ్చిన తగ్గింపును) వెనక్కి కట్టాలి. అందుకని డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి, కొనుగోలు సంస్థ పేరిట బిల్లుతో జరిగేలా చూడటమే ఇద్దరికీ మేలు.

ఉద్యోగులు ఒకరోజు జీతం ఇచ్చే పద్ధతిలో పని తేలిక. జీతం నుంచి ముఖ్యమంత్రి సహాయ నిధికి కోత పడితే, జీతాలు ఇచ్చే అధికారి ధ్రువపత్రం ఆధారంగా రాయితీ ఇస్తారు. ప్రైవేటు ట్రస్టుకు ఇచ్చినదాన్ని మాత్రం ఉద్యోగి తన రిటర్న్‌లో స్వయంగా చూపుకోవాలి. అక్కడ ట్రస్టు పాన్, చిరునామా, విరాళం రిఫరెన్స్ నంబరు అడుగుతారు.

ఆ నంబరు రావాలంటే సంస్థ ఫారం 10బీడీ వేయాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు ప్రతి దాత పేరు, పాన్ లేదా ఆధార్, చిరునామా, మొత్తం, చెల్లించిన తీరు అందులో నింపితే దాతలకు ఇవ్వాల్సిన 10బీఈ ధ్రువపత్రాలు పోర్టల్ నుంచి వస్తాయి. ఆలస్యానికి రోజుకు రూ. 200. అసలు వేయకపోతే రూ. 10,000 నుంచి లక్ష వరకు జరిమానా. వరద సమయంలో సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో తిరుగుతుంది, రెండు రోజుల్లో వందల మంది రూ. 500, రూ. 1,000 పంపుతారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఒక పేరు, ఒక యూపీఐ ఐడీ. పాన్ ఉండదు, చిరునామా ఉండదు. మే నెలలో వాళ్లను వెతకడం అయ్యే పని కాదు. క్యూఆర్ కోడ్ పక్కనే చిన్న ఆన్‌లైన్ ఫారం లింకు పెట్టి పేరు, పాన్, చిరునామా, లావాదేవీ నంబరు అప్పుడే తీసుకోవాలి. ఆ క్యూఆర్ కోడ్ ట్రస్టు ఖాతాకు చెందినదై ఉండాలి, కార్యదర్శి ఫోను నంబరుది కాదు. వ్యక్తిగత ఖాతాలోకి ఏడాదిలో రూ. 50,000కు మించి ఉచితంగా వచ్చిన సొమ్ము ఆ వ్యక్తి ఆదాయంగా లెక్కకు వస్తుంది. అది తనది కాదని, బాధితులకే చేరిందని ప్రతి రూపాయికీ నిరూపించుకోవాల్సిన భారం మంచి పని చేసిన ఆ కార్యదర్శి మీదే పడుతుంది.

జోలెలో పడిన డబ్బుకూ పన్ను ఉంది

పేరు, చిరునామా లేని విరాళాన్ని చట్టం అజ్ఞాత విరాళం అంటుంది. సేవా ట్రస్టుకు ఏడాదిలో వచ్చిన మొత్తం విరాళాల్లో 5 శాతం, లేదా లక్ష రూపాయలు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంతవరకు వదిలేసి మిగతా అజ్ఞాత విరాళం మీద నేరుగా 30 శాతం పన్ను వేస్తుంది. ఒక సంస్థకు రూ. 40 లక్షలు వచ్చాయి, అందులో రూ. 5 లక్షలు జోలెలో, పెట్టెల్లో పడినవి అనుకోండి. 40 లక్షల్లో 5 శాతం 2 లక్షలు. మిగిలిన 3 లక్షల మీద రూ. 90,000, పైన సెస్సు. అంటే సుమారు వంద కుటుంబాలకు ఇచ్చే వంట సామాను సొమ్ము పన్నుకు పోతుంది. జోలె వెంట ఒకరు రశీదు పుస్తకం పట్టుకుని నడిస్తే చాలు. రూ. 100 ఇచ్చినా పేరు, ఊరు, వీధి రాసుకోవాలి. సమయం పట్టే పనే, కానీ తప్పదు.

కుల సంఘాలు, మత సంస్థలు సేకరించే సొమ్ము విషయంలో ఇంకో గీత ఉంది. ఒకే కులానికి లేదా ఒకే మతానికి మాత్రమే ఉపయోగపడేలా పెట్టిన ట్రస్టుకు సేవా సంస్థగా మినహాయింపు నిలవదు, 80జి ఆమోదమూ రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన వర్గాలు, స్త్రీలు, పిల్లల కోసం పెట్టినవాటికి ఈ ఆంక్ష లేదు. వరద సాయం జాబితా ఎవరి ఇల్లు మునిగిందన్న ఒక్క ప్రాతిపదికన తయారైతే అటు న్యాయమూ నిలుస్తుంది, ఇటు మినహాయింపూ నిలుస్తుంది.

ఏడాదిలో 85 శాతం

12ఏబీ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టుకు పన్ను లేకపోవడం అన్నది షరతులతో కూడిన మాట. వచ్చిన ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఆర్థిక సంవత్సరంలోనే ఆశయాల మీద ఖర్చు కావాలి. విరాళాలూ ఆదాయమే. విపత్తు సాయానికి ఈ నియమం సరిపడదు. డబ్బు మొదటి రెండు మూడు వారాల్లో ముంచుకొస్తుంది. అవసరం మాత్రం రెండేళ్లు ఉంటుంది: బురద తీయడం, తరువాత పిల్లల పుస్తకాలు, తరువాత వలలు, కుట్టు మిషన్లు, చివరికి ఇళ్లు. మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ నెలలో సంస్థకు వచ్చిన సొమ్ముకు నాలుగు నెలలైనా నిండకుండానే మార్చి 31 వచ్చింది.

అప్పుడు దారి ఫారం 10. ఖర్చు కాని సొమ్మును ఫలానా పనికి, గరిష్ఠంగా 5 ఏళ్ల వరకు నిల్వ చేస్తున్నామని రిటర్న్ కంటే ముందే చెప్పాలి. ఫారంలో ‘ట్రస్టు ఆశయాల కోసం’ అని రాస్తే తిరస్కరించే ప్రమాదం ఉంది. ఫలానా మండలంలో తుపానుకు ఇళ్లు పోయినవారికి ఇన్ని ఇళ్లు అని ధర్మకర్తల తీర్మానంలో ఉన్నట్టే రాయాలి. నిల్వ సొమ్ము షెడ్యూల్డ్ బ్యాంకు డిపాజిట్ లాంటి చట్టం ఒప్పుకున్న చోట్లే ఉండాలి. దాన్ని ఇంకో ట్రస్టుకు ఇవ్వకూడదు. గడువు లోపల ఖర్చు కాకపోతే చివరి ఏడాది ఆదాయంగా పన్ను పడుతుంది.

ఖర్చు చేశాం కదా అనుకున్నదీ లెక్కకు రాకపోవచ్చు. 2022 నుంచి నిజంగా చెల్లించిందే ఖర్చు. మార్చిలో పని ముగించి ఏప్రిల్‌లో మేస్త్రీకి ఇచ్చిన సొమ్ము ముందటి ఏడాది లెక్కలో ఉండదు. ఒకే వ్యక్తికి ఒకే రోజు రూ. 10,000కు మించి నగదు ఇస్తే ఆ చెల్లింపు మొత్తం ఖర్చు కింద చెల్లదు. నీళ్లు నిలిచిన వీధుల్లో పడవ అద్దె, ట్రాక్టరు బాడుగ, హోల్‌సేల్ కూరగాయలు అన్నీ నగదు మీదే నడుస్తాయి. ఏటీఎంలు పనిచేయని మొదటి రెండు రోజులు సరే, ఆ తరువాతైనా యూపీఐకో, ఖాతా బదిలీకో మారాలి. కాంట్రాక్టరుకు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకోవాల్సిన పన్ను) కోయకుండా ఇస్తే ఆ ఖర్చులో 30 శాతం పోతుంది. ఊళ్లో పనిచేసే చిన్న సంస్థకు పెద్ద ట్రస్టు డబ్బిస్తే, పెద్ద ట్రస్టుకు అందులో 85 శాతమే ఖర్చుగా లెక్క. కార్పస్ (మూలనిధి) కింద ఇస్తే అది కూడా లేదు. నిజంగా బాధితుల దగ్గరున్నది చిన్న సంస్థే అయినా, ఆ చేయి కలపడానికే చట్టం సుంకం వేసినట్టుంది. ఇది మారాల్సిన నియమం.

వరద వచ్చాక ట్రస్టు పెట్టేవారి కోసం కూడా చెప్పుకోవాలి. ముందుగా దొరికేది 3 ఏళ్ల ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్. పనులు మొదలైన 6 నెలల్లోగా రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలన్న షరతు చాలామందికి తెలియదు. మూడేళ్లు ఉందిలే అని కూర్చుంటారు. సాయం పంచిన మొదటి రోజే ఆ ఆరు నెలల లెక్క మొదలవుతుంది. ఉన్న ట్రస్టులు తమ దస్తావేజు తీసి చూసుకోవాలి. ఆశయాల్లో విద్య, వైద్యం మాత్రమే ఉండి, విపత్తు సాయం గానీ పేదల సహాయం గానీ లేకపోతే, చేసిన ఖర్చు ఆశయాలకు బయటిదన్న ప్రశ్న వస్తుంది.

2001లో చట్టం చూపిన దారి

ఇదంతా మార్చలేనిదేమీ కాదు. 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపం తరువాత పార్లమెంటు 80జిలోకి ఒక ఉపవిభాగం తెచ్చింది. ఆ రోజు నుంచి సెప్టెంబరు 30 వరకు, భూకంప బాధితుల కోసం ఆమోదిత స్వచ్ఛంద సంస్థకు ఇచ్చిన విరాళానికీ నూరు శాతం రాయితీ ఇచ్చింది. బదులుగా గట్టి షరతులు పెట్టింది. భూకంప సాయానికి విడి ఖాతా లెక్కలు ఉండాలి. ఆ సొమ్ము గుజరాత్ బాధితులకు తప్ప ఇంకెందుకూ వాడకూడదు. గడువులోగా ఖర్చు కావాలి. మిగిలితే ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి జమ చేయాలి. లెక్కలు నిర్ణీత అధికారికి అప్పగించాలి. ఖర్చూ కాక, జమా కాక మిగిలిన సొమ్మును ఆదాయంగా లెక్కగట్టాలి. ఆ గడువు చివరికి 2004 మార్చి 31గా నిలిచింది, అంటే భూకంపం తరువాత మూడేళ్లకు పైగా. ఇళ్లు కట్టడానికి నిజంగా పట్టే కాలం అది.

ఈ ఏర్పాటులో దాతకు సమానత్వం ఉంది, సంస్థకు వ్యవధి ఉంది, ప్రభుత్వానికి లెక్క ఉంది. 2004 సునామీకి, 2014 హుద్‌హుద్‌కు, 2018 కేరళ వరదలకు, 2024 విజయవాడ, ఖమ్మం వరదలకు 80జిలో ఇలాంటిది మళ్లీ చేరలేదు. ఒక్కో విపత్తుకు పార్లమెంటు వైపు చూడకుండా, కేంద్రం తీవ్ర విపత్తుగా గుర్తించిన ప్రతిసారీ ఇదే ఏర్పాటు నోటిఫికేషన్‌తో అమల్లోకి వచ్చేలా శాశ్వత నిబంధన ఉండటం అవసరం. అమెరికాలో 2004 సునామీ తరువాత 2005 జనవరిలో ఇచ్చిన విరాళాలను కూడా 2004 లెక్కలో చూపుకోవచ్చని ఆ జనవరి 7కల్లా చట్టం చేశారు. కావాలనుకుంటే పన్ను చట్టం ఎంత వేగంగా కదలగలదో ఆ ఒక్క తేదీ చెబుతుంది.

గ్రాంట్లు ఎక్కడ దొరుకుతాయి

ప్రభుత్వం నుంచి స్వచ్ఛంద సంస్థకు నేరుగా గ్రాంటు వస్తుందని ఆశపడితే నిరాశే. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లాంటి రాష్ట్రాలకు కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. అది పద్దుల వారీగా బాధితులకు వెళ్లే సొమ్ము. 2022-26 నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి రూ. 1.20 లక్షలు. ఇంత తక్కువతో ఇల్లు పూర్తి కాదు కాబట్టి, సంస్థ పెట్టుబడి ఇక్కడ కలిస్తే ఫలితం ఎక్కువ: ప్రభుత్వ సొమ్ము లబ్ధిదారు ఖాతాకు, సంస్థ వైపు నుంచి పైకప్పు, తలుపులు, మరుగుదొడ్డి. తహసీల్దారు కార్యాలయం జాబితాతో తమ జాబితా సరిపోల్చుకుంటే ఒకే ఇంటికి రెండుసార్లు ఇవ్వడం, పక్క ఇల్లు మిగిలిపోవడం తప్పుతాయి.

సంస్థలకు నిజమైన గ్రాంటు వనరు కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు చేయాల్సిన ఖర్చు. నికర విలువ రూ. 500 కోట్లు, టర్నోవర్ రూ. 1,000 కోట్లు, నికర లాభం రూ. 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు చేయాలి. విపత్తు సాయం, పునరావాసం, పునర్నిర్మాణం 2019లో కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో, అంటే సీఎస్‌ఆర్‌కు ఒప్పుకున్న పనుల జాబితాలో చేరాయి. గమనించాల్సింది ఏమిటంటే, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చింది సీఎస్‌ఆర్ కింద లెక్కకు రాదు. కంపెనీ వ్యవహారాల శాఖ 2020 ఏప్రిల్‌లో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. వ్యక్తిగత దాతల విషయంలో సంస్థకు ప్రతికూలంగా ఉన్న చట్టం ఇక్కడ అనుకూలంగా ఉంది. అందుకే సంస్థలు పోస్టర్ల మీద పెట్టే శ్రమలో కొంత సీఎస్‌ఆర్ ప్రతిపాదనల మీద పెట్టాలి. దానికి సీఎస్‌ఆర్-1 నంబరు (కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సంస్థ నమోదు), 12ఏబీ, 80జి, మూడేళ్ల పని అనుభవం చూపాలి. వరద వచ్చాక ఇవి సంపాదించలేరు, ముందే ఉండాలి. ఇళ్ల నిర్మాణం లాంటిదైతే ఒప్పందంలో ‘కొనసాగే ప్రాజెక్టు’ అని రాయించుకోవాలి. అప్పుడు మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల వ్యవధి ఉంటుంది. లేకపోతే మార్చి నెలలో కంపెనీ నుంచి ఖర్చు ధ్రువపత్రం కోసం ఒత్తిడి, తొందరలో నాసిరకం పని. సీఎస్‌ఆర్ ఖర్చును కంపెనీ వ్యాపార వ్యయంగా చూపుకోలేదు. దానికి 80జి వర్తిస్తుందా అన్న వివాదాలు ట్రిబ్యునళ్ల దాకా వెళ్లాయి. సంస్థ ఆ హామీ ఇవ్వకుండా ఉండటమే మంచిది.

విదేశాల్లోని తెలుగువారి సొమ్ము

ఇక్కడ దాత ఎక్కడున్నాడన్నది కాదు, ఏ పాస్‌పోర్టు మీద ఉన్నాడన్నది ముఖ్యం. డల్లాస్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసి దస్త్రంలో పెట్టుకుంటే చాలు. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నవారు విదేశీ పౌరులే. అమెరికాలో నమోదైన తెలుగు సంఘం సభ్యులందరూ భారతీయులే అయినా ఆ సంఘం విదేశీ మూలమే. వీరి నుంచి తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ గానీ, ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని చెప్పి తెచ్చుకున్న ముందస్తు అనుమతి గానీ ఉండాలి. సొమ్ము ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. కంటెయినర్‌లో పంపే దుప్పట్లు, మందులు కూడా విదేశీ విరాళమే. 2018లో కేరళ వరద సాయం సరకుకు ఆ ఏడాది డిసెంబరు 31 వరకు కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. అయితే సుంకం మినహాయింపు ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు.

అమెరికాలోని దాతకు అక్కడి పన్ను రాయితీ రావాలంటే అక్కడ నమోదైన 501(సి)(3) సంస్థకే, అంటే అక్కడి చట్టం పన్ను మినహాయింపు ఇచ్చిన సేవా సంస్థకే ఇవ్వాలి. విజయవాడలోని ట్రస్టుకు నేరుగా పంపితే అక్కడ రాయితీ లేదు. ఫలానా కుటుంబానికే ఇవ్వాలని ముడిపెట్టినా రాదు. 250 డాలర్లు, ఆపైన అయితే సంస్థ రాతపూర్వక రశీదు ఉండాలి.

చివరగా సాయం అందుకున్నవారి పన్ను సంగతి. విపత్తు పరిహారంగా కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ ఒక వ్యక్తికి ఇచ్చిన సొమ్ము మీద ఆదాయపు పన్ను లేదు. రిజిస్ట్రేషన్ ఉన్న ట్రస్టు ఇచ్చింది రూ. 50,000 దాటినా పన్ను పడదు, అందుకున్నవారు ఆ ట్రస్టు ధర్మకర్తలో, వారి బంధువులో కాకపోతే. దుకాణం మునిగిన వ్యాపారి మాత్రం ఒకటి చూసుకోవాలి: అదే నష్టాన్ని తన లెక్కల్లో ఖర్చుగా తీసివేసుకుని ఉంటే, అంతమేరకు ప్రభుత్వ పరిహారానికి మినహాయింపు ఉండదు. సరకు నష్టం రాసేటప్పుడే పరిహారం ఉత్తర్వు నకలు ఆడిటర్‌కు ఇవ్వాలి.